గొంగడి స్టూలు మీదే ఉండిపోయింది

పదిహేనేళ్లుగా రెండు వాక్యాలు మోస్తున్నాను. ఒకటి నాటకంలోది. రెండోది నాటకం బయటిది. రెండూ నేనే చెప్పాల్సినవి. రెండూ చెప్పలేదు. పైకి చూస్తే నేను నోరు మూసుకుని కూర్చున్న మనిషిని, అంతే. నోరు మూసుకోవడం కూడా ఒక నేరమేనా అని నాతో నేను చాలాసార్లు వాదించుకున్నాను. ప్రతిసారీ నేనే గెలిచాను. గెలిచిన రోజు కూడా అన్నం సయించలేదు.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. చెప్పే ధైర్యమే ఉంటే ఈ కాగితాలతో పనేముంది? వికారాబాద్‌లో మా నాటక సమాజం వాళ్లందరినీ కూర్చోబెట్టి చెప్పేసేవాణ్ణి. అక్కడ చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. పిరికివాడి ఒప్పుకోలు ఇలాగే ఉంటుంది. అయినా చదవండి.

నేను బడిపంతులిని. పోలీస్ యాక్షన్ అయిపోయాక మా ప్రాంతంలో తెలుగు నాటకం మీద జనానికి ఒక ఆకలి పుట్టింది. అంతకుముందు నలుగురు చేరి నాటకం వేయాలన్నా పర్మిషన్లు, అనుమానాలు. ఆ అడ్డు తొలగగానే వికారాబాద్‌లో మేం పదిమందిమి సమాజం పెట్టుకున్నాం. ఒక వకీలు సాబు అధ్యక్షుడు. రైల్వే గుమాస్తాలు ఇద్దరు, ఒక బట్టల దుకాణం ఆయన, నేను, ఇంకా కొందరు. కథానాయకుడు చిన్న పటేల్. మోమిన్‌పేట దగ్గర వాళ్లకు భూములున్నాయి. తెరలు, డ్రెస్సులు, హార్మోనియం అన్నీ ఆయన కొనిచ్చినవే. మనిషి అందగాడు. గొంతు బాగుండేది. పాఠం మాత్రం ఒక్క ముక్క వచ్చేది కాదు.

అందుకే నేను కావలసి వచ్చాను. తెర పక్కన కూర్చుని, పుస్తకం చూసి నటులకు మెల్లగా మాట అందించేవాణ్ణి. ప్రాంప్టర్ అంటారు. మా సమాజం చిన్నది కాబట్టి ఇంకో పని కూడా నాదే. చేతికర్ర, ఉత్తరం, చెంబు, ఏ వస్తువు ఎవరికి కావాలో నా పక్కన ఒక స్టూలు మీద పెట్టుకుని, వాళ్లు స్టేజీ మీదికి వెళ్తున్నప్పుడు చేతికివ్వాలి. చిన్న పటేల్ సంగతి చెప్పానుగా. నేను మాట అందిస్తే తప్ప ఆయన పెదవి కదలదు, కాలు కదలదు. స్టేజీ మీద ఆయనకు నేనే దిక్కు. ఆ సంగతి తలుచుకుని ఎంత పొంగిపోయేవాణ్ణో! ఊరి దొర నా మాటకు నడుస్తున్నాడని.

ఆడవేషాలు మొదట్లో మగవాళ్లే వేసేవారు. మా గుమాస్తా ఒకాయన మీసం తీసి చీర కడితే జనం ఏడవాల్సిన చోట నవ్వేవారు. చివరికి తాండూరు నుంచి శాంతాబాయిని పిలిపించాం. ఇరవై రెండేళ్లుంటాయేమో. వాళ్లమ్మ గుల్బర్గా వైపు గుడారాల్లో కన్నడ నాటకాలు ఆడిన మనిషి. వయసు మీదపడ్డాక జాకెట్లు కుట్టుకుంటూ తాండూరులో స్థిరపడింది. కూతురు ఎక్కడికి వెళ్లినా పక్కనే ఉండేది. ఆదివారం మధ్యాహ్నాలు ఇద్దరూ ప్యాసింజర్‌లో వచ్చేవారు. మా బడిలోనే రిహార్సల్స్.

ఆ నాటకం మా వకీలు సాబే రాశాడు. జైలు నుంచి భర్త ఇంటికి తిరిగొస్తాడు. భుజం మీద గొంగడి. భార్య వసంత గడపలో నిలబడి ఏడుస్తుంది. అతను దగ్గరికి తీసుకుంటాడు. అప్పుడు ఒక మాట అంటాడు. "ఏడవకు వసంతా, నేను వచ్చేశాను కదా." అని వదిలి, మంచం మీద కూర్చుంటాడు. మొదటి రంగం అంతే.

ఆ రంగం మొదటిసారి రిహార్సల్ చేసిన రోజు నాకు నిన్నటిలా గుర్తుంది. చిన్న పటేల్ చేతులు చాచగానే శాంతాబాయి రెండడుగులు వెనక్కి వేసింది. ఆయన వైపు కాదు, నా వైపు తిరిగింది.

"సారూ, జర ఆగుండ్రి. గీ సీను ఎట్ల చేస్తమో ముందుగాల అనుకుందాం."

"అనుకునేదేముందమ్మా? మొగడు వస్తడు, పెండ్లాం ఏడుస్తది, దగ్గరికి తీసుకుంటడు," అన్నాను.

"గదే సారూ. దగ్గరికంటే ఎంత దగ్గరికి? చేతులు యాడుండాలె? ఎంతసేపుండాలె? గవన్నీ అనుకోకుంట నేను స్టేజీ ఎక్క."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె పట్టించుకోలేదు. గొంగడి తీసి వాళ్లమ్మ చేతికిచ్చింది. ఆ ముసలామె గొంగడి రెండు అంచులూ రెండు పిడికిళ్లతో పట్టుకుని, మడత తన ఎదమీదుగా ఉండేలా చేసుకుని, ఒక్క ఊపులో కూతుర్ని అందులో చుట్టింది. పిడికిళ్లు గొంగడిలోనే ఉన్నాయి. ఇద్దరి నడుమ మందపాటి మడత. బెంచీల దగ్గర నుంచి చూస్తున్న మాకు మాత్రం ఒక మనిషి తన మనిషిని గుండెలకు హత్తుకున్నట్టే కనిపించింది. వకీలు సాబు కళ్లు చెమ్మగిల్లాయి.

"చేతులు గొంగట్లనే ఉంటయి. చూసెటోళ్లకు ఒక్కతీరే కనవడ్తది," అంది శాంతాబాయి, తల్లిని చూపిస్తూ. "మా అవ్వ ముప్పై ఏండ్లు గిట్లనే ఆడింది. ఎవ్వలతోని మాటపడలె." అని సుద్దముక్క తీసుకుని నేల మీద నాలుగు గీతలు గీసింది. రెండు తన కాళ్లకు, రెండు ఆయన కాళ్లకు. "మీరు మనసుల మూడు లెక్కవెట్టి మాట అందియ్యుండ్రి సారూ. మాటందితే ఆయన ఇడుస్తడు."

"నేను మర్చిపోతే?" అన్నాను, సరదాకే.

"మీరు మర్వరు. గందుకే మిమ్ముల అడుగుతున్న. ఆయనను అడుగుతలేను. పుస్తకంల రాసుకోండ్రి."

రాసుకున్నాను. ఆ మాట పక్కనే, పెన్సిల్‌తో. 'గొంగడి నడుమ. మూడు లెక్క.' ఆమె వంగి చదువుకుని, తల ఊపింది. ఒక మనిషి తన మర్యాదను నా చేతిలో పెడుతోందని నాకు ఆ క్షణాన తెలిసిందా? తెలిసింది. తెలియలేదని రాద్దామని ఇప్పుడే ఒకసారి అనుకుని, కొట్టేశాను.

రెండు నెలలు రిహార్సల్స్ సాగాయి. ఒక్కరోజూ తేడా రాలేదు. గొంగడి అందించేవాణ్ణి, మూడు లెక్కపెట్టేవాణ్ణి, మాట అందించేవాణ్ణి. ఆమెకు భయం లేదు కాబట్టి ఆ రంగంలో ఎంత బాగా ఏడ్చేదో! చిన్న పటేల్‌కు మాత్రం గొంగడి మీద రోజురోజుకూ చిరాకు పెరిగింది. స్నేహితులు ఎగతాళి చేస్తున్నారని విన్నాను.

ఇక నా సంగతి. నేనూ ఒక నాటకం రాసి పెట్టుకున్నాను. మూడేళ్లుగా ట్రంకుపెట్టెలో ఉంది. అది ఎప్పటికైనా స్టేజీ ఎక్కాలంటే చిన్న పటేల్ సరే అనాలి. ఈ ఒక్క ముక్క చెబితే మిగతాది మీరే ఊహించగలరు. కానీ ఊహించమని వదిలేయడం కూడా తప్పించుకోవడమే.

నాటకం తాండూరులో వేశాం. ఒక రాళ్ల వ్యాపారి తన ఆవరణ ఇచ్చాడు. నాపరాళ్లు వరసగా పేర్చి స్టేజీ కట్టారు. పొద్దుగూకక ముందే జనం వచ్చి నిండిపోయారు. శాంతాబాయి ఊరు అది. ఆమెను చిన్నప్పటి నుంచి చూసినవాళ్లు, వాళ్లమ్మ దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్లు, అందరూ ముందు వరసల్లో కూర్చున్నారు. ఆమె స్టేజీ మీదికి వెళ్లి, నల్లటి రాయి మీద తన నాలుగు గీతలు తానే గీసుకుని, నా వైపు చూసి నవ్వి వెళ్లింది.

చిన్న పటేల్ నా దగ్గరికొచ్చి వంగాడు. "పంతులూ, గా గొంగడి కుచ్చుతున్నది. ఇయ్యాల వద్దు. మాట గూడ జర నిదానంగ అందియ్యి." నేను తలెత్తాను. ఆయన నా భుజం తట్టాడు. "నీ నాటకం సంగతి మతికే ఉంది నాకు."

నవ్వాను. సరే అనలేదు. కాదని అనలేదు. నవ్వాను. ఆ నవ్వును ఎన్నిసార్లు అద్దంలో చూసుకున్నానో. పళ్లు కనిపించేలా నవ్వితే నా మొహం ఇప్పటికీ నాకే అసహ్యం.

రంగం మొదలైంది. చిన్న పటేల్ నా పక్కనుంచే స్టేజీ మీదికి వెళ్లాడు. గొంగడి స్టూలు మీద ఉంది. నా చేతికి జానెడు దూరం. అందుకోలేదు. ఉత్త చేతులతో వస్తున్న ఆయన్ను చూడగానే శాంతాబాయి చూపు ఒక్కసారి నా వైపు తిరిగింది. వసంత చూపు కాదది. ఆమె చూపు. అప్పుడు కూడా లేచి గొంగడి విసిరేయొచ్చు. జైలు నుంచి వచ్చిన మనిషి వెనక గొంగడి వచ్చి పడితే జనం ఏమంటారు? కాసేపు నవ్వుతారు. అంతేగా.

లెక్కపెట్టడం మొదలుపెట్టాను. అదీ నా నీచత్వం. మర్చిపోలేదు, లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. మాట నా నోట్లో ఉంది. నాలుగు, ఐదు. ఆయన చేతులు భుజాల మీద లేవు. ఎక్కడున్నాయో రాయను, ఆమెకు ఇంకోసారి ఆ అవమానం చేయను. ఆమె కాళ్లు సుద్దగీతల మీదనుంచి జరిగిపోయాయి. ఆ గీతల మీదే నా కళ్లు పెట్టుకున్నాను, ఆమె మొహం చూడకుండా. జనంలో ఈలలు లేచాయి. ఊరందరి ముందు, మొగుడి వేషంలో ఉన్న మనిషిని తోసేయలేక, నాటకం పాడుచేయలేక, ఆమె అలా నిలబడిపోయింది. పదిహేడు దాకా లెక్కపెట్టాను.

పదిహేడు దగ్గర ఆమే నోరు విప్పింది. "నేనేం ఏడుస్తలేను. మీరొచ్చినరు గద, కూసోండ్రి," అంటూ ఆయన రెండు మణికట్లూ పట్టుకుని విడదీసి, మంచం వైపు నడిపించింది. పుస్తకంలో లేని మాటలు. జనం చప్పట్లు కొట్టారు. అదంతా నాటకంలోదే అనుకున్నారు. వెనక వరసల్లోంచి కొందరు 'వన్స్ మోర్' అని అరిచారు. నేను రెండోసారి ఆడించలేదు. అదొక్కటీ చేయనందుకు నేను మరీ అంత చెడ్డవాణ్ణి కానని కొన్నేళ్లు సరిపెట్టుకున్నాను. చూశారా, మనిషికి సరిపెట్టుకోవడానికి ఎంత చిన్న ముక్క చాలో!

తెర పడ్డాక శాంతాబాయి నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. స్టూలు మీద గొంగడి తీసి, నాలుగు మడతలు వేసి, నా ఒళ్లో పెట్టింది. వెళ్లి మిగతా రంగాలు ఆడింది. ఒక్క మాట తప్పలేదు.

తరువాతి ఆదివారం తల్లీకూతుళ్లు వికారాబాద్ వచ్చారు. రిహార్సల్‌కు కాదు. కమిటీని కూర్చోబెట్టమన్నారు. తాండూరు బజారులో అందరూ ఆమె ఒప్పుకునే చేసిందని అంటున్నారట. జాకెట్లు కుట్టించుకునేవాళ్లు రావడం మానేశారట. ఆమె అడిగింది ఒక్కటే. చిన్న పటేల్‌ను తీసేయమనలేదు. క్షమాపణ కూడా అడగలేదు. 'ఆమె ఒప్పుకోలేదు' అని సమాజం తరఫున తాండూరులో నలుగురి ముందు చెప్పాలి. అంతే.

ఆ ఉదయమే నేను రబ్బరు తీసుకుని పుస్తకంలో ఆ పెన్సిల్ రాత చెరిపేశాను. వాళ్లు ఎందుకొస్తున్నారో నాకు ముందే కబురందింది మరి. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నాడని పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి కదా. ఎవరూ దొంగ అనకముందే నేను భుజాలు దులుపుకున్నాను.

ఆమె పిల్లల బెంచీ మీద కూర్చుంది. చిన్న పటేల్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. వకీలు సాబు నన్నే అడిగాడు. గొంగడి అడ్డు ఉండాలని, మూడు లెక్కకే మాట అందించాలని అనుకున్నది నిజమేనా అని. నేను నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. "గొంగడి సంగతి రిహార్సల్ వరకే అనుకున్నం. స్టేజీ మీద ఎట్ల వస్తే గట్ల అన్నం. మాటంటరా, గాలికి పుస్తకంల కాయితాలు తిరిగిపోయినయి."

"మీరు రాసుకున్నరు గద సారూ," అంది శాంతాబాయి.

"లేదు," అన్నాను.

పుస్తకం చూపించమని ఆమె అడగలేదు. నా మొహం చూశాక అడిగే పని లేదనుకుందేమో. వాళ్లమ్మ లేచి గుమ్మం దగ్గర చెప్పులు రెండు జతలూ తీసి, కూతురి చెప్పులు కూతురి ముందు పెట్టింది. ఇద్దరూ వెళ్లిపోయారు. స్టేషన్‌కు ఎవరం తోడు వెళ్లలేదు. వకీలు సాబుకు కూడా నిజం తెలుసని నా అనుమానం. తెరలు ఎవరివో ఆయనకూ గుర్తే. తిలా పాపం తలా పిడికెడు అంటారు. కానీ నాది పిడికెడు కాదు.

ఆమె మళ్లీ వేషం కట్టలేదు. ఏడాది తిరక్కుండా తాండూరులో ఇల్లు ఖాళీ చేసి సేడం వైపు వెళ్లిపోయారని తెలిసింది. నా నాటకం ఆ మరుసటి ఏడు వేశారు. ఆడవేషం మళ్లీ మా గుమాస్తాయే వేశాడు. జనం నవ్వారు. మూడు ప్రదర్శనలతో అది మూలపడింది.

ఇంతవరకే అయితే ఈ కాగితాలు రాసేవాణ్ణి కాదేమో. ఇంకా ఉంది, ఇంతకన్నా సిగ్గుమాలినది.

చిన్న పటేల్ కొన్నాళ్లకు నాటకాలు మానేసి రాజకీయాల్లోకి వెళ్లాడు. సమాజం నా చేతికొచ్చింది. భయం వల్లనో, సిగ్గు వల్లనో, నేను శాంతాబాయి పద్ధతినే పట్టుకున్నాను. ఏ రంగంలో అయినా ఒకరినొకరు తాకాల్సి వస్తే ముందు కూర్చుని మాట్లాడతాం. చేతులు ఎక్కడ, ఎంతసేపు, నడుమ ఏ గుడ్డ, అన్నీ పుస్తకంలో సిరాతో రాస్తాం. ఆ అమ్మాయి చదివి ఒప్పుకోవాలి. తన తరఫు మనిషి ఒకరు రిహార్సల్‌లో కూర్చోవాలి. ఆమె గాజులు రెండుసార్లు చప్పుడు చేస్తే ఎక్కడున్నా అక్కడ ఆగిపోవాలి. స్టేజీ మీద కొత్తగా ఏదీ చేయకూడదు. చేస్తే తెర దించేస్తాను. రెండుసార్లు దించాను కూడా. ఆడపిల్లను ఆ పంతులు నాటకానికైతే పంపొచ్చని పెద్దేముల్ దాకా పేరొచ్చింది.

పోయిన నెల తాండూరులో నాటక పోటీలు జరిగాయి. నన్ను స్టేజీ ఎక్కించి, ఆడవాళ్లకు గౌరవం నేర్పిన మనిషని మైకులో పొగిడి, శాలువా కప్పారు. కింది నాపరాళ్లవైపు చూస్తూ నిలబడ్డాను. దిగాక మా నాటకంలో చేసే అమ్మాయి, మా రైల్వే గుమాస్తా బిడ్డ, నా వెంట నడుస్తూ అడిగింది. "సార్, గీ పద్ధతంత మీకు ఎవలు నేర్పిన్రు?"

"అనుభవం," అన్నాను.

అబద్ధమా? ఏమో, ఒక రకంగా నిజమే. నా చేత్తో జరిగిన అన్యాయం నుంచి నేర్చుకున్నదే. కానీ ఆ అమ్మాయి అడిగింది పేరు. నా నాలుక దాకా వచ్చింది. మళ్లీ మింగాను. నాటకం రోజున మాట మింగాను, కమిటీ రోజున నిజం మింగాను, ఇప్పుడు పేరు మింగాను. ఆమె ఊరు పోగొట్టాను, పని పోగొట్టాను. ఆఖరికి ఆమె తెలివి కూడా నాదని భుజాన కప్పుకుని ఇంటికొచ్చాను. ఆ రాత్రి శాలువా పెట్టెలో పెడుతుంటే అడుగున గొంగడి తగిలింది. ఆమె నా ఒళ్లో పెట్టినప్పటి నాలుగు మడతలు అలాగే ఉన్నాయి. పుస్తకం కూడా అందులోనే ఉంది. ఏటవాలుగా పట్టుకుంటే, చెరిపేసిన చోట పెన్సిల్ ఒత్తిడి ఇంకా కనిపిస్తుంది.

తాండూరు నుంచి సేడం ఎంత దూరమని? రైలెక్కితే పూటలో వెళ్లి రావచ్చు. పదిహేనేళ్లలో ఒక్కసారి వెళ్లలేదు. ఆమె కనిపించదేమోనన్న భయం కాదు. కనిపిస్తుందేమోనని. కనిపించి, "ఎవలు మీరు?" అంటే నేను ఏం చెప్పాలి?

ఆమె నన్ను క్షమించాలని రాయడం లేదు. ఆ మాట అడిగే మొహం నాకు లేదు. మీరు క్షమించినా దానికి విలువ లేదు. అన్యాయం మీకు జరగలేదు. మీరు చేయగలిగింది ఒకటుంది. తాండూరులోనో, సేడంలోనో, ఎక్కడైనా పాతకాలం వాళ్లు శాంతాబాయి మాట ఎత్తి నవ్వితే, మీరు ఇక్కడ చదివింది వాళ్లకు చెప్పండి.

పుస్తకంలో కాగితాలు గాలికి తిరగలేదు. ఆ రోజు గాలే లేదు. గొంగడి జానెడు దూరంలో ఉంది. మాట నా నోట్లో ఉంది. పెన్సిల్‌తో రాసింది నేనే, చెరిపింది నేనే. నలుగురి ముందు చెప్పమని ఆమె అడిగిన వాక్యం ఇది. పదిహేనేళ్లు ఆలస్యంగా, పేరు లేని కాగితం మీద, అయినా నా చేతిరాతతోనే రాస్తున్నాను.

శాంతాబాయి ఒప్పుకోలేదు.